దూడకు ధర కట్టేదెవరు?

ఓక్లహోమా సిటీలో సోమవారం వస్తే పశువుల సందడే. 1910లో మొదలైన అక్కడి నేషనల్ స్టాక్‌యార్డ్స్‌లో ఇప్పటికీ సోమ, మంగళవారాల్లో కోడెదూడలు, పెయ్యలు మందలుగా వేలానికి దిగుతాయి. మేపుకోవడానికి కొనే పశువుల బజార్లలో ప్రపంచంలో అదే పెద్దదని పేరు. ఇనుప తలుపు తెరుచుకుంటుంది, దూడలు బరిలోకి వస్తాయి, తెర మీద బరువు పడుతుంది. వేలంపాటగాడు ఊపిరి తిప్పుకోకుండా అంకెలు పాడుతుంటే మెట్ల మీది బేరగాళ్లు వేలు కదిపో కనుబొమ్మ ఎగరేసో పాట పెంచుతారు. అర నిమిషంలో దూడ చేతులు మారుతుంది. మన సంతల్లో తువాలు కింద వేళ్లు పట్టుకుని దళారులు తేల్చే బేరానికి ఇది పూర్తిగా ఎదురు పద్ధతి. ఓక్లహోమాలో ధర అందరి చెవినా పడుతుంది.

ఆ అర నిమిషం కోసం దూడను తెచ్చిన రైతు ఏడాదికి పైగా కాచుకున్నాడు. ఆవు చూడితో ఉన్న తొమ్మిది నెలలు, ఈనాక ఏడెనిమిది నెలలు. ఆయనకు ఎంత ఖర్చయిందని అక్కడ అడిగేవాడు ఉండడు. కొనేవాడి లెక్క వేరు. ఈ దూడ మేసి, బలిసి, మాంసం ఫ్యాక్టరీ గేటు చేరేనాటికి ఎంత పలుకుతుంది? అప్పటిదాకా మేతకెంత, వడ్డీకెంత, రవాణాకెంత, చచ్చేవాటి కింద ఎంత పోతుంది? ఇవన్నీ తీసేయగా మిగిలినదాన్ని తెచ్చి దూడ మీద పెడతాడు. అమెరికా దూడల బజారు మీద ఏళ్ల తరబడి సాగిన వాదనలన్నిటినీ ఒకచోట పోస్తే అడుగున తేలేది ఈ లెక్కే. దూడ ధర చివరి నుంచి వెనక్కి లెక్కగట్టగా మిగిలిన మిగులు. ఆ మిగులు ఏ ఏడు ఎవరి చేతికి చిక్కుతుందన్న దగ్గరే తగాదాలన్నీ మొదలవుతాయి.

ముందు ఈ వ్యాపారంలో చేతులెన్నో చూడాలి. ఆవుల్ని పెట్టుకుని దూడల్ని తీసేవాళ్లు ఆరు లక్షల మందికి పైనే. సగటు మందలో యాభై ఆవులు కూడా ఉండవు. చాలామందికి ఇది పక్క సంపాదన; ఇల్లు గడిచేది మరో ఉద్యోగం మీద. వసంతంలో పుట్టిన దూడల్ని అక్టోబరు, నవంబరుల్లో తల్లి నుంచి విడదీసి అమ్ముతారు. అందరూ ఒకేసారి అమ్ముతారు కనుక ఏటా ధర మెత్తబడేదీ అప్పుడే. అప్పటికి దూడ బరువు 450 నుంచి 600 పౌన్లు, అంటే రెండు వందల కిలోల నుంచి రెండు వందల డెబ్బై దాకా. దాన్ని కొని పచ్చిక మీద పెంచేవాడు రెండోవాడు. ఓక్లహోమా, కాన్సాస్‌లలో శీతాకాలపు గోధుమ పైరు మీద నవంబరు నుంచి మార్చి దాకా మేపి, పైరు కణుపు కట్టే వేళకు పశువుల్ని తోలేస్తారు. అదే చేలో తరవాత గోధుమలూ పండుతాయి. మూడోవాడు ఫీడ్‌లాట్ యజమాని. ఉత్తర టెక్సస్, కాన్సాస్, నెబ్రాస్కా, కొలరాడోల్లో పెద్ద పెద్ద దొడ్లలో వేల పశువుల్ని నిలిపి, ఆవిరి పట్టి అణిచిన మొక్కజొన్న, ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పి, పాతర గడ్డి పెడతాడు. ఏడెనిమిది వందల పౌన్ల పశువు ఐదారు నెలల్లో పదిహేను వందల పౌన్లకు చేరుతుంది. ఆ పైన కోసి, ముక్కలు చేసి, పెట్టెల్లో సర్దే ప్యాకర్ కంపెనీలు.

ఈ బజారులో కొత్తగా అడుగుపెట్టినవాడు మొదట తికమకపడేది ఒకచోట. చిన్న దూడకు పౌను ధర ఎక్కువ, పెద్ద దూడకు తక్కువ. 500 పౌన్ల దూడ పౌను 3 డాలర్లకు పోయిన రోజున 700 పౌన్ల కోడె 2 డాలర్ల 55 సెంట్లకు పోయిందనుకుందాం. మొదటిదానికి వచ్చింది 1,500 డాలర్లు, రెండోదానికి 1,785. రెండు వందల పౌన్లు అదనంగా ఉన్నా చేతికొచ్చింది 285 డాలర్లే. అంటే పెరిగిన ఒక్కో పౌనుకు బజారు ఇచ్చింది దాదాపు 1 డాలరు 42 సెంట్లు. మూడు డాలర్లు అనుకుని మేపినవాడు మునిగిపోతాడు. గోధుమ చేలో పౌను బరువు ఎక్కించడానికి డాలరు లోపు పడితే దూడను ఆపి మేపాలి, డాలరున్నర పడితే తెచ్చిన రోజే అమ్మేయాలి. దూడ ధర ఎంతుందన్న దానికంటే రెండు బరువుల మధ్య తేడా ఎంతుందన్నదే పెంచేవాడికి అన్నం పెట్టే అంకె. మొక్కజొన్న చవగ్గా ఉన్నప్పుడు ఈ తేడా పెరుగుతుంది, ప్రియమైతే తగ్గుతుంది. గింజ పెట్టి బరువు పెంచడం ఖరీదైన ఏడు, పచ్చిక మీద ముందే పెరిగి వచ్చిన పశువుకు గిరాకీ ఎక్కువ మరి.

ఒకే బరువున్న దూడల మధ్య కూడా ధర ఒకటి కాదు. లారీ నిండేలా ఒకే ఈడు, ఒకే రంగు దూడల్ని తెచ్చినవాడికి మంచి పాట. ఐదారు దూడల్ని ట్రైలర్‌లో వేసుకొచ్చిన చిన్న రైతుకు తక్కువ. విత్తులు కొట్టించని కోడెకు కోత, కొమ్ములుంటే కోత, నిన్ననే తల్లిని వదిలి అరుచుకుంటూ వచ్చిన దూడకు ఇంకా పెద్ద కోత. ఈ చివరిదానికి గట్టి కారణం ఉంది. నాలుగూళ్ల దూడలు ఒక దొడ్లో కలిసేసరికి ఊపిరితిత్తుల జబ్బు అంటుకుంటుంది. ఫీడ్‌లాట్లలో చావులకు అదే మొదటి కారణం. అందుకే పాలు మాన్పించి నలభై ఐదు రోజులు ఇంటి దగ్గరే ఉంచి, టీకాలు వేయించి తెచ్చిన దూడకు ఎక్కువ ఇస్తారు. కానీ ఆ నలభై ఐదు రోజుల మేత, చాకిరీ, మధ్యలో చచ్చే దూడ రైతు ఖాతాలోవే. పెద్ద మందలవాళ్లకు ఈ పని గిట్టుబాటు, చిన్నవాళ్లకు చాలాసార్లు కాదు.

నల్ల చర్మానికి ఉన్న విలువ మరో విచిత్రం. 1978లో మొదలైన సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ ముద్రకు మొదటి అర్హత ఒంటి మీద నలుపు. దాంతో వేలం బరిలో నల్ల దూడ వస్తే పాట తీరే మారుతుంది. అదే దూడకు మూపురపు ఛాయ, వేలాడే చెవులు, మెడ కింద గంగడోలు కనిపిస్తే ధర దిగుతుంది. అమెరికన్ బ్రాహ్మన్ జాతి లక్షణాలవి. గుజరాత్ గిర్, కాంక్రేజ్ జాతులతో పాటు మన ఒంగోలు రక్తం కూడా కలిసి తయారైన జాతి అది. వేడికీ గోమార్లకూ తట్టుకుంటుందని టెక్సస్, ఫ్లోరిడా రైతులు దాన్ని విడిచిపెట్టరు. మాంసం మెత్తగా ఉండదన్న అపవాదు వల్ల బేరగాడు కోత పెట్టకుండా ఉండడు. ఇదే ఒంగోలు జాతి బ్రెజిల్ చేరి నెల్లూరు పేరు మీద నెలోర్ అయింది, ఆ దేశపు మాంసం మందల్లో అత్యధిక భాగం దానిదే అయింది. 2023లో అక్కడి వేలంలో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్ముడుపోయిన ధరను బట్టి మొత్తం ఆవుకు కట్టిన విలువ నలభై లక్షల డాలర్ల పైమాట. ప్రకాశం జిల్లా పశువుల వంశానికి ఒక ఖండంలో పట్టాభిషేకం, మరో ఖండంలో తగ్గింపు ధర. ఏ జాతికైనా బజారు ఇచ్చే మార్కులు ఆ బజారు అలవాట్లకే చెందుతాయి.

ఇక మొక్కజొన్న. ఫీడ్‌లాట్‌లో పశువు పౌను బరువు పెరగడానికి ఆరు పౌన్ల ఎండుమేత పడుతుంది. ఆరు వందల పౌన్లు పెంచాలంటే 3,600 పౌన్లు. అందులో మొక్కజొన్న వాటా యాభై బుషెళ్లు అనుకుందాం. బుషెల్ అంటే పాతిక కిలోల పైచిలుకు. బుషెల్‌కు డాలరు పెరిగితే పశువు మీద యాభై డాలర్లు పడతాయి. ఈ యాభైని ఫీడ్‌లాట్ యజమాని భరించడు. ప్యాకర్ దగ్గరికెళ్లి మేత పెరిగింది, ధర పెంచమంటే వాడు వినడు. కాబట్టి వచ్చే సోమవారం పాటలో తగ్గించి పాడతాడు. ఏడున్నర వందల పౌన్ల దూడ మీద యాభై డాలర్లంటే వంద పౌన్లకు ఆరేడు డాలర్ల కోత. తన పొలంలో గింజ మొక్కజొన్న వేయని, కొనని, చూడని మిస్సోరీ ఆవుల రైతు మొక్కజొన్న బిల్లు కట్టేది ఇలాగే.

2005, 2007 చట్టాలతో అమెరికా ప్రభుత్వం పెట్రోలులో ఇథనాల్ కలపడాన్ని తప్పనిసరి చేశాక ఇది నిజంగానే జరిగింది. బుషెల్ రెండు డాలర్ల దగ్గర ఆడిన మొక్కజొన్న 2008లో ఏడు దాటింది, 2012 కరవులో ఎనిమిది దాటింది. ఇథనాల్ తయారీలో మిగిలే పిప్పి మంచి మేత కావడంతో ఆ ఫ్యాక్టరీల పక్కనున్న నెబ్రాస్కా ఫీడ్‌లాట్లకు కొంత ఊరట దక్కింది. దూరాన ఉన్న టెక్సస్ వాళ్లకు అంత దక్కలేదు. ఇంధన విధానం రాసేటప్పుడు దూడల ధర ఎవరి లెక్కలోనూ ఉండి ఉండదు.

మరి మధ్యలో ఉన్న ఫీడ్‌లాట్ యజమానికి మిగిలేదెంత? అయోవా స్టేట్, కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయాలు ఈ లెక్కలు ఏళ్లుగా వేస్తున్నాయి. దీర్ఘకాలపు సగటు చూస్తే మేపడంలో లాభం సున్నకు అటూ ఇటూ. లాభం కనిపించగానే అందరూ దూడల కోసం ఎగబడతారు, ఆ పోటీలో లాభమంతా దూడ ధరలోకి వెళ్లిపోతుంది. 2025 శరదృతువు ధరలకు దగ్గరగా ఒక లెక్క వేద్దాం. ఎనిమిది వందల పౌన్ల కోడెను పౌను 3 డాలర్ల 50 సెంట్లకు కొంటే 2,800 డాలర్లు. పదిహేను వందల పౌన్లకు పెంచి 2 డాలర్ల 30 సెంట్లకు అమ్మితే 3,450. మధ్యలో 650 డాలర్లు. ఏడు వందల పౌన్లు పెంచడానికి పౌనుకు డాలరు చొప్పున 700 ఖర్చు, ఎనిమిది శాతం వడ్డీ ఆరు నెలలకు 112. తేలింది 160 డాలర్ల నష్టం. అయినా కొంటారు. దొడ్డి ఖాళీగా ఉంటే పనివాళ్ల జీతాలు, బ్యాంకు వాయిదాలు ఆగవు. పైగా అమ్మే నాటికి ధర ఇంకా పెరుగుతుందన్న ఆశ. పెరుగుతున్న బజారులో ఆరు నెలల కిందట చవగ్గా కొన్న ప్రతివాడూ తెలివైనవాడిలాగే కనిపిస్తాడు. 2014 చివర వంద పౌన్లకు 170 డాలర్లు పలికిన బలిసిన పశువు 2016 అక్టోబరుకు వంద దగ్గరికి జారింది. ఆ మధ్యలో ప్రియమైన దూడలతో దొడ్డి నింపుకున్నవాళ్లు తలకు వందల డాలర్లు పోగొట్టుకున్నారు.

చాలా ఫీడ్‌లాట్లు ఈ జూదాన్ని వేరేవాళ్ల డబ్బుతో ఆడతాయన్నది కూడా చెప్పుకోవాలి. పశువు ఇంకొకరిది, ఫీడ్‌లాట్ రోజుకింత అని దొడ్డి అద్దె, మేత మీద కొంత లాభం తీసుకుంటుంది. 1970ల మొదట్లో పన్ను వాయిదా వేసుకోవడానికి డాక్టర్లు, లాయర్లు పశువులు కొని ఫీడ్‌లాట్లలో వేశారు. 1973లో నిక్సన్ ప్రభుత్వం మాంసం ధరలకు కళ్లెం వేసింది. కళ్లెం తీసేదాకా అమ్మకుండా ఆపిన పశువులు అతిగా బలిసి ఒక్కసారి బజారు మీద పడ్డాయి. మేత ధరలు కూడా మండిపోతున్న కాలమది. ఏడాదిన్నర తిరిగేసరికి దూడ ధర సగానికి పడిపోయింది. 1975 జనవరిలో దేశంలో పశువుల సంఖ్య 13 కోట్ల 20 లక్షలు. అంత మంద మళ్లీ ఎప్పుడూ లేదు.

ప్యాకర్ల మాటెత్తితే రైతుల గొంతు మారుతుంది. టైసన్, కార్గిల్, జేబీఎస్, నేషనల్ బీఫ్ అనే నాలుగు కంపెనీలు బలిసిన పశువుల్లో దాదాపు 85 శాతాన్ని కొంటాయి. ఈ తగాదా కొత్తది కాదు. అప్పటి ఐదు కంపెనీల గుత్తాధిపత్యాన్ని చూసే 1921లో ప్యాకర్స్ అండ్ స్టాక్‌యార్డ్స్ చట్టం తెచ్చారు. ఇక్కడో వింత. దూడను నలుగురి మధ్య నిలబెట్టి పాట పెడతారు. అదే దూడ బలిసి వచ్చాక దాని ధర మాత్రం ఎక్కువగా ముందస్తు ఒప్పందాల సూత్రాల మీద తేలుతుంది. ఆ సూత్రాలకు ఆధారం నేరుగా బేరమాడిన కొద్దిపాటి అమ్మకాల ధర. దక్షిణాన టెక్సస్ వైపు ఆ కొద్ది మరీ కొద్ది.

2019 ఆగస్టులో కాన్సాస్‌లోని హోల్‌కోంబ్ దగ్గర టైసన్ ఫ్యాక్టరీ కాలిపోయినప్పుడు పశువుల ధర పడింది, పెట్టెల్లో మాంసం ధర లేచింది. 2020 వసంతంలో కోవిడ్‌తో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు అదే బొమ్మ ఇంకా పెద్దగా కనిపించింది. రైతు సంఘాలు కుట్ర అన్నాయి. ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది, కోసే సామర్థ్యం చాలకపోతే జరిగేది ఇదేనన్నారు. నా మటుకు నాకు రెండో వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది, కానీ అది మొదటివాళ్లకు సమాధానం కాదు. సామర్థ్యం నలుగురి చేతుల్లోనే ఉన్నప్పుడు దాని కొరత కూడా ఆ నలుగురికే ఆదాయం. మిగులు ఎవరికి చిక్కుతుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది: ఏ మెట్టు దగ్గర కొరత ఉంటే అక్కడ.

ఇప్పుడు కొరత దూడ దగ్గర ఉంది. 2025 జనవరి లెక్కన అమెరికాలో పశువులు 8 కోట్ల 67 లక్షలు, 1951 తరవాత అప్పటిదాకా అంత తక్కువ లేవు. మాంసం కోసం దూడల్ని తీసే ఆవులు 2 కోట్ల 80 లక్షల లోపు. ఏళ్ల తరబడి సాగిన కరవుల్లో పచ్చిక ఎండి రైతులు ఆవుల్నే అమ్మేసుకున్నారు. (మాంసం మాత్రం 1975 కంటే ఎక్కువే వస్తోంది, ఒక్కో పశువు బరువు అంత పెరిగింది.) దీనికి తోడు మెక్సికో దారి మూసుకుంది. పుండులో గుడ్లు పెట్టి, బతికున్న పశువు మాంసాన్నే తినే పురుగుల్ని పుట్టించే స్క్రూవార్మ్ ఈగ 2024 నవంబరులో మెక్సికోలోని చియాపాస్‌లో కనబడింది. ఏటా పది లక్షలకు పైగా దూడల్ని పంపే ఆ సరిహద్దును మూశారు, తెరిచారు, 2025 మేలో మళ్లీ మూశారు. జూలైలో ఆరిజోనా రేవు ఒకటి తెరిచి రెండు రోజుల్లోనే మూసేశారు. ఆ దూడల మీద ఆధారపడ్డ టెక్సస్ ఫీడ్‌లాట్లు విలవిల్లాడాయి. మేపే దూడల ఫ్యూచర్స్ ధర, అంటే ముందు నెలల్లో ఇచ్చే సరుకుకు ఇవాళే కట్టే ధర, వంద పౌన్లకు 360 డాలర్లు దాటింది. ఐదు వందల పౌన్ల దూడలు పౌను నాలుగు డాలర్లకు పైన పలికాయి. 2025 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు అర్జెంటీనా మాంసం తెప్పిస్తామని ఒక మాట అనగానే కొద్ది రోజుల్లో ఆ ధర బాగా దిగింది. దూడ రైతులు ఎక్కువగా ఆయనకే ఓట్లు వేసే ప్రాంతాలవాళ్లు, కోపం దాచుకోలేదు.

ప్యాకర్ల బలం ఇప్పుడు తిరగబడింది. కోయడానికి పశువులు చాలక ఫ్యాక్టరీలు నష్టాల్లో నడుస్తున్నాయి. 2025 నవంబరులో టైసన్, నెబ్రాస్కాలోని లెక్సింగ్టన్ ఫ్యాక్టరీని మూసేస్తామని ప్రకటించింది. అప్పుడు అక్కడ పనిచేసేవాళ్లు సుమారు 3,200 మంది, ఊరి జనాభాయే పదకొండు వేలు. దూడ రైతుకు చేరిన మిగులులో కొంత ఆ ఊరి జీతాల నుంచి వచ్చిందే.

ధర పడిపోతే అన్న భయానికి రెండు గొడుగులున్నాయి. చికాగో మర్కంటైల్ ఎక్స్‌ఛేంజ్ 1964లో బలిసిన పశువులకు, 1971లో మేపే దూడలకు ఫ్యూచర్స్ తెచ్చింది. దూడల ఒప్పందం ఒక్కోటి యాభై వేల పౌన్లు, అంటే ఏడున్నర వందల పౌన్లవి అరవై ఆరు దూడలు. నలభై ఏడు ఆవుల సగటు రైతుకు ఒక్క ఒప్పందం నింపేన్ని దూడలే లేవు. ఒక్క దూడకైనా ధర బీమా ఇచ్చే ప్రభుత్వ పథకానికి రాయితీ పెంచిన తరవాతే చిన్నవాళ్లు అటు మళ్లారు.

కొరత తెచ్చిన మార్పుల్లో పెద్దది పాడి ఆవుల దగ్గర జరిగింది. కొన్నేళ్ల కిందట హోల్‌స్టీన్ కోడెదూడ పుడితే యాభై డాలర్లు కూడా వచ్చేవి కావు. ఇప్పుడు పాడి రైతులు మంచి ఆవులకు పెయ్యలు మాత్రమే పుట్టే వీర్యం, మిగతావాటికి ఆంగస్ వీర్యం వేయిస్తున్నారు. ఆ సంకర దూడ పుట్టిన వారంలోనే వెయ్యి డాలర్లు పలుకుతోంది. పెయ్యలే పుట్టే వీర్యం ఆంధ్ర, తెలంగాణల్లో కూడా రాయితీ మీద పంచుతున్నారు, కానీ మన లెక్క వేరు. ట్రాక్టరు వచ్చి ఎద్దు పని తీసేసింది. 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఉంది. గొలుసు చివర కొనేవాడు లేడు కనుక వెనక్కి లెక్కగడితే ఆవు కోడెదూడకు మిగిలేది సున్న. 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో మగ గోజాతి పశువులు సుమారు ముప్ఫై శాతం తగ్గాయి. పాలు పితికే ఇంట్లో కోడెదూడ ఎందుకు బక్కచిక్కి పోతుందో, ఊరి రోడ్ల మీదికి ఎందుకు వస్తుందో ఆ అంకె చెబుతుంది. దాన్ని రైతు కాఠిన్యం కింద రాసేవాళ్లు ఆ సున్నను లెక్కలోకి తీసుకోవడం లేదు.

అమెరికాలో ఇంత ధర ఉన్నా మందలు ఎందుకు పెరగడం లేదన్నది ఇప్పుడు అందరూ అడుగుతున్న ప్రశ్న. పెయ్యను అమ్మకుండా ఉంచుకుంటేనే మంద పెరుగుతుంది. ఉంచుకున్న ప్రతి పెయ్యా ఈ ఏడు బజారుకు తగ్గిన దూడే, అంటే ధర ఇంకా పైకి. అమ్మితే రెండు వేల డాలర్లకు పైగా ఇవాళే చేతికొస్తుంది. రైతుల సగటు వయసు యాభై ఎనిమిది. వడ్డీలు ఎక్కువ, పచ్చిక ఇంకా పూర్తిగా కోలుకోలేదు, పదేళ్ల కిందట ఇలాగే పెరిగి ఇలాగే కూలిన ధర ఎవరూ మరచిపోలేదు. 2025 వసంతంలో పుట్టిన పెయ్యను ఉంచుకుంటే అది 2026 వేసవిలో ఎదకొచ్చి చూడి కట్టాలి, 2027 వసంతంలో ఈనాలి, ఆ దూడ ఆ ఏడు శరదృతువులో వేలానికి రావాలి. చికాగోలో దూడల ఫ్యూచర్స్ మహా అయితే ఏడాది ముందు దాకా దొరుకుతాయి. 2027 అక్టోబరు దూడకు పాట పెట్టేవాళ్లు అప్పటికి ఎవరూ లేరు, పెయ్యను ఉంచాలో అమ్మాలో తేల్చాల్సి వచ్చింది మాత్రం 2025 శరదృతువులోనే.